అవతలి గంట మోగాకే

1887లో ఫిలడెల్ఫియా ఉన్ని వ్యాపారి ఫ్రాంక్ ప్రిమ్‌రోజ్ కాన్సస్ రాష్ట్రంలోని తన ఏజెంటుకు ఒక టెలిగ్రాం ఇచ్చాడు. వ్యాపార రహస్యం బయటపడకుండా, మాటల ఖర్చు తగ్గించుకోవడానికి ఆ రోజుల్లో వర్తకులు సంకేత పదాలు వాడేవారు. ప్రిమ్‌రోజ్ సంకేతంలో ‘బే’ (bay) అంటే ‘నేను కొనేశాను’ అని అర్థం. దారిలో ఒక తంతి ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు వెళ్లేసరికి ఆ ‘బే’ కాస్తా ‘బై’ (buy) అయింది. మోర్స్ లిపిలో ఒక చుక్క, ఒక గీత ఉంటే ‘ఎ’ అక్షరం. ముందు ఇంకో చుక్క చేరితే ‘యు’. అంటే తేడా అంతా ఒక్క చుక్కే. సరుకు కొనేశామన్న కబురు సరుకు కొనమన్న ఆజ్ఞగా మారింది. ఏజెంటు నమ్మకంగా ఉన్ని కొనుక్కుంటూ పోయాడు. వ్యాపారికి 20 వేల డాలర్లకు పైగా నష్టం వచ్చింది. ఆయన టెలిగ్రాఫ్ కంపెనీ మీద దావా వేస్తే అది అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1894లో తేలింది. ఆయన చేతికొచ్చింది టెలిగ్రాం రుసుము 1 డాలరు 15 సెంట్లు మాత్రమే. టెలిగ్రాం ఫారం వెనక కంపెనీ చిన్న అక్షరాల్లో ఒక షరతు అచ్చు వేసి ఉంచింది: సందేశాన్ని అవతలి ఆఫీసు నుంచి వెనక్కి తెప్పించి సరిచూడమంటే మామూలు రుసుముకు అదనంగా అందులో సగం కట్టాలి, కట్టకపోతే తప్పులకు కంపెనీ బాధ్యత రుసుము వరకే. ప్రిమ్‌రోజ్ ఆ సగం కట్టలేదు. కోర్టు షరతు చెల్లుతుందంది.

చెప్పిన మాట చెప్పినట్టే అందిందో లేదో చూసుకోవడం ఎవరి పని అన్న ప్రశ్నకు ఆ కాలపు తంతి వ్యాపారం ఇచ్చిన జవాబు అది. అది పనిలో భాగం కాదు, కావలసినవాళ్లు డబ్బు పెట్టి కొనుక్కోవలసిన అదనపు సేవ. మన దేశంలో తంతి వ్యవస్థ ప్రభుత్వానిది కాబట్టి ఇక్కడ కంపెనీ షరతు ఉండేది కాదు. కానీ 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం తొమ్మిదో సెక్షన్ ఇంచుమించు అదే మాట చెప్పింది. సందేశం తీసుకోవడంలో, పంపడంలో, అందజేయడంలో ఉద్యోగి తప్పినందువల్ల కలిగే నష్టానికి ప్రభుత్వానికి బాధ్యత లేదు. ఉద్యోగికి కూడా, నిర్లక్ష్యమో దురుద్దేశమో మోసమో ఉంటే తప్ప, బాధ్యత లేదు. ఇది దుర్మార్గమని కొట్టిపారేయలేం. లక్షల సందేశాలు మోసే వ్యవస్థ ప్రతి మాట వెనకా ఎంత సొమ్ము ఆధారపడి ఉందో ముందే తెలుసుకోలేదు. కానీ అదే కాలంలో, అదే తీగల మీద, అదే మోర్స్ చప్పుళ్లతో నడిచిన ఇంకో వృత్తి ఇదే ప్రశ్నకు పూర్తిగా వేరే జవాబు వెతుక్కుంది. ఈ రోజు ఆఫీసుల్లో ‘నేను చెప్పింది మీకెలా అర్థమైందో ఒకసారి చెప్పండి’ అని అడగడాన్ని మంచి నడవడికగా, మాట్లాడే నేర్పుగా నేర్పుతున్నారు. దాని చరిత్ర చూస్తే అది నేర్పుగా పుట్టలేదు. ప్రాణాలు పోయాక కట్టుబాటుగా పుట్టింది. వినేవాడి మంచితనానికి వదిలేసిన చోట అది నిలవలేదు. చెప్పేవాడి మెడకు చుట్టిన చోటే నిలిచింది.

ఆ రెండో వృత్తి రైల్వే. ఇంగ్లండులో బ్రైటన్ నుంచి లండన్ వెళ్లే దారిలో క్లేటన్ అనే చోట దాదాపు రెండు కిలోమీటర్ల సొరంగం ఉంది. 1861 ఆగస్టు 25, ఆదివారం. ఉదయం కొద్ది నిమిషాల తేడాతో మూడు రైళ్లు బ్రైటన్ నుంచి బయల్దేరాయి. సొరంగం దక్షిణ ద్వారం దగ్గర కిల్లిక్ అనే సిగ్నల్‌మన్, ఉత్తర ద్వారం దగ్గర బ్రౌన్ అనే సిగ్నల్‌మన్. ఇద్దరి మధ్య సూది కదిలే టెలిగ్రాఫ్ ఉంది. వారానికి ఒక పూర్తి రోజు సెలవు కోసం కిల్లిక్ ఆ రోజు 24 గంటల డ్యూటీ చేస్తున్నాడు. మొదటి రైలు సొరంగంలోకి వెళ్లాక సిగ్నల్ తనంతట తాను ప్రమాద స్థితికి తిరిగి రావాలి, రాలేదు. అది గమనించేలోపు రెండో రైలు దగ్గరకు వచ్చేసింది. కిల్లిక్ ఎర్రజెండా ఊపాడు గానీ డ్రైవరు చూశాడో లేదో తెలియలేదు, రైలు సొరంగంలోకి వెళ్లిపోయింది. నిజానికి డ్రైవరు జెండా చూశాడు, లోపల బండి ఆపి మెల్లగా వెనక్కి నడుపుతున్నాడు. అటు కిల్లిక్ బ్రౌన్‌ను అడిగాడు: సొరంగం ఖాళీయేనా? సరిగ్గా అప్పుడే మొదటి రైలు బ్రౌన్ ముందు నుంచి బయటికి వచ్చింది. రెండో రైలు సంగతే అతనికి తెలియదు. ఖాళీ అని జవాబిచ్చాడు. రెండోది కూడా దాటిపోయిందని కిల్లిక్ అనుకుని మూడో రైలుకు తెల్లజెండా ఊపాడు. 23 మంది చనిపోయారు, 176 మంది గాయపడ్డారు.

ఈ ప్రమాదంలో ఒక్క అక్షరం కూడా తారుమారు కాలేదన్నది గమనించాలి. ప్రిమ్‌రోజ్ తంతిలో చెడింది మాట. క్లేటన్‌లో మాట చెక్కుచెదరలేదు, చెడింది అర్థం. అడిగినవాడి మనసులో రెండో రైలుంది, జవాబు చెప్పినవాడి కళ్లముందు మొదటి రైలుంది. అక్కడ బ్రౌన్ ‘ఖాళీ’ అని పదిసార్లు చెప్పినా, కిల్లిక్ దాన్ని పదిసార్లు తిప్పి చదివినా ఫలితం మారేది కాదు. ‘మొదటి బండి బయటికి వచ్చింది, సొరంగం ఖాళీ’ అని బ్రౌన్ తను చూసినదాన్ని తన మాటల్లో చెప్పి ఉంటే కిల్లిక్‌కు వెంటనే వెలిగేది. మాటను తిరిగి పలకడం, అర్థాన్ని సొంత మాటల్లో తిరిగి చెప్పడం రెండూ వేరు వేరు పనులు. ఆ తర్వాత నూటయాభై ఏళ్లలో ఎన్నో వృత్తులు ఈ తేడాను విడివిడిగా, మళ్లీ మళ్లీ, చాలా ఖరీదు పెట్టి నేర్చుకోవలసి వచ్చింది.

రైల్వేల వాళ్లు వెంటనే నేర్చుకున్నారని కాదు. రైళ్ల మధ్య ఇన్ని నిమిషాల ఎడం ఉంటే చాలన్న పాత పద్ధతి వదిలి, రెండు స్టేషన్ల మధ్య ఒకే రైలు ఉండాలన్న బ్లాక్ పద్ధతి పెట్టమని తనిఖీ అధికారులు ఒత్తిడి చేస్తుంటే, కంపెనీలు ఖర్చు గురించి, యంత్రాలను నమ్ముకుని సిబ్బంది అజాగ్రత్తగా తయారవుతారేమో అన్న భయం గురించి మాట్లాడాయి. 1874లో నార్విచ్ దగ్గర థోర్ప్‌లో సంతకం పడకుండానే ఒక తంతి వెళ్లిపోయి, ఒంటి దారి మీద రెండు రైళ్లు ఎదురెదురుగా గుద్దుకున్నాయి, 25 మంది పోయారు. 1889లో ఐర్లాండ్‌లోని అర్మా దగ్గర 80 మంది, వాళ్లలో ఎందరో ఆదివారం బడి పిల్లలు, పోయాక గానీ బ్రిటన్ పార్లమెంటు బ్లాక్ పద్ధతిని తప్పనిసరి చేయలేదు. క్లేటన్ తర్వాత 28 ఏళ్లకు. అట్లాంటిక్ అవతల అమెరికాలో ఇంకో దారి తొక్కారు. 1851లో ఈరీ రైల్వే సూపరింటెండెంట్ చార్లెస్ మైనాట్ మొదటిసారి తంతి ద్వారా రైలుకు ఆజ్ఞ ఇచ్చినప్పుడు, ఆ కాగితాన్ని నమ్మి బండి నడపనని ఇంజన్ డ్రైవరు మొరాయించాడు. మైనాటే ఇంజనెక్కి నడిపాడు. డ్రైవరు అనుమానం తప్పని నేననను. ఎవరో ఎక్కడి నుంచో కొట్టిన చప్పుళ్లను నమ్మి ప్రాణం పణంగా పెట్టడానికి అప్పటికి హామీ ఏదీ లేదు. ఆ హామీని తర్వాతి తరం తయారు చేసింది. రైళ్ల రాకపోకలను నడిపించే డిస్పాచర్ ఆజ్ఞ పంపుతాడు. దారిలోని ప్రతి స్టేషన్ ఆపరేటరూ దాన్ని పల్చటి కాగితాల మీద రాసుకుని, వంతులవారీగా మాట మాటా వెనక్కి వినిపిస్తాడు. వినిపిస్తున్నంతసేపూ డిస్పాచర్ తన పుస్తకంలో ఒక్కో పదం కింద, ఒక్కో అంకె కింద గీత గీస్తూ ఉండాలి. అంతా సరిపోయాక ‘కంప్లీట్’ అన్న మాట, దానితో పాటు టైము పంపుతాడు. ఆ మాట వచ్చేదాకా అది ఆజ్ఞే కాదు. ఇక్కడ కిటుకంతా ఆ గీతల్లో ఉంది. తిరిగి చెప్పే భారం కింది ఉద్యోగిదే అయినా, వినే భారం పైవాడిది. పైవాడు విన్నాడనడానికి కాగితం మీద ఆనవాలు మిగలాలి.

మన తెలుగు నేల మీదికి ఈ కట్టుబాటు రైలు పట్టాలతోనే వచ్చింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు నిజాం రైల్వే, 1889లో సికింద్రాబాద్ నుంచి బెజవాడకు, 1890లలో కోస్తా వెంబడి వేసిన దారులు, ఇవన్నీ మొదట్లో చాలామటుకు ఒంటి దారులే. ఒకే పట్టా మీద ఎదురెదురు బండ్లు నడవాలంటే రెండు చిన్న స్టేషన్ల మాస్టర్లు, ఒకరినొకరు చూడకుండా, పొరపాటుకు తావు లేకుండా మాట్లాడుకోవాలి. బ్లాక్ ఇన్‌స్ట్రుమెంట్ మీద ఆ సంభాషణ నడిచే తీరు దగ్గర్నుంచి చూడదగ్గది. ఒక గంట కొడితే పిలుపు. రెండు కొడితే లైన్ క్లియర్ ఇస్తారా అన్న ప్రశ్న. మూడు కొడితే బండి మీ వైపు బయల్దేరింది. నాలుగు కొడితే బండి మా స్టేషన్‌కు చేరింది, దారి ఖాళీ. ఆరు కొడితే ప్రమాదం, ఆపండి. అవతలి స్టేషన్ మాస్టర్ ప్రతిసారీ అన్ని గంటలే తిరిగి కొట్టాలి. తిరిగి కొట్టడమే అంగీకారం. కొట్టకపోతే ఏమీ జరగనట్టే, బండి కదలకూడదు. మౌనం అర్ధాంగీకారమని మన సామెత. రైల్వే దాన్ని తలకిందులు చేసి, మౌనాన్ని నిరాకరణగా తీసుకోమంది. ఆఫీసుల్లో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం సామెతను నమ్ముకోవడం వల్లనే జరుగుతాయని నా నమ్మకం. మీటింగులో ఎవరూ మాట్లాడలేదు కాబట్టి అందరికీ అర్థమైందని, అందరూ ఒప్పుకున్నారని మేనేజరు అనుకుంటాడు. స్టేషన్ మాస్టరు అలా అనుకోవడానికి వీల్లేదు.

దీనికన్నా సూక్ష్మమైన ఏర్పాటు ప్రైవేట్ నంబర్. స్టేషన్ మాస్టర్ దగ్గరా, కొన్ని గేట్ల దగ్గర గేట్‌మన్ దగ్గరా వరస లేని రెండంకెల సంఖ్యలున్న షీటు ఒకటి ఉంటుంది. ఒకరి షీటు ఇంకొకరికి తెలియకూడదు. బండి వస్తోంది, గేటు వెయ్యి అని స్టేషన్ మాస్టర్ ఫోన్ చేస్తే, గేట్‌మన్ సరే అంటే సరిపోదు. గేటు వేసి, తన షీటులోని తర్వాతి సంఖ్యను హామీగా చెప్పాలి. ఇద్దరూ దాన్ని టైముతో సహా రాసుకోవాలి. వాడిన సంఖ్యను కొట్టేయాలి. ఫోనులో విన్న గొంతు నిజంగా ఆ గేటుదేనా, నిన్నటి బండికి ఇచ్చిన హామీని ఇవాళ్టిదిగా పొరబడ్డామా, అలవాటు కొద్దీ ‘ఇచ్చాడులే’ అని రాసేసుకున్నామా అన్న మూడు అనుమానాలకూ ఆ రెండంకెలే జవాబు. ఎందుకంటే ఆ సంఖ్యను ఊహించి రాసుకోవడానికి వీల్లేదు, అవతలి మనిషి నోటి నుంచి రావలసిందే. మనిషి జ్ఞాపకం తనకు కావలసిన జవాబును తనే కల్పించుకుంటుందన్న సత్యాన్ని ఇంత పొదుపుగా పట్టుకున్న పద్ధతి ఇంకో వృత్తిలో నాకు కనబడలేదు.

ఇంతటి రైల్వే పద్ధతికీ ఒక హద్దుంది. గంటకు గంట, అంకెకు అంకె తిరిగి చెప్పడం మాటను కాపాడుతుంది. అర్థాన్ని కాపాడాలంటే మాట్లాడుకునే విషయం ముందే గట్టిగా బిగించి ఉండాలి. రైల్వేలో గంటలకు ముందే నిర్ణయించిన అర్థాలే కాబట్టి అక్కడ సరిపోయింది. ఆకాశంలో సరిపోలేదు. 1996 నవంబర్ 12న ఢిల్లీ దగ్గర చర్ఖీ దాద్రీ మీద సౌదీ విమానం, కజఖ్ విమానం గుద్దుకుని 349 మంది చనిపోయారు. కజఖ్ విమానానికి 15 వేల అడుగుల దగ్గర ఉండమని కంట్రోలర్ చెప్పాడు, ఎదురుగా ఇంకో విమానం వస్తోందనీ చెప్పాడు, అటు నుంచి అందినట్టు జవాబూ వచ్చింది. కానీ ఆ జవాబు ఇచ్చింది విమానం నడుపుతున్నవాళ్లు కాదు, రేడియో ఆపరేటర్. ఎత్తు తెలుసుకోవాలంటే ఆయన పైలట్ల ముందున్న మీటర్లనే చూడాలి. రేడియోలో మాట సరిగ్గా అందింది, కాక్‌పిట్‌లో నాలుగడుగుల దూరం సరిగ్గా చేరలేదు. విమానం 14 వేల అడుగుల దాకా దిగిపోయింది. జస్టిస్ లాహోటీ విచారణ సంఘం కజఖ్ విమానం తనకిచ్చిన ఎత్తు వదిలి దిగడమే కారణమని తేల్చింది. అంతకు పంతొమ్మిదేళ్ల ముందు, 1977 మార్చి 27న, కానరీ దీవుల్లోని టెనెరీఫ్‌లో 583 మంది ప్రాణాలు తీసిన ప్రమాదంలోనూ తిరిగి చెప్పడం జరిగింది. పొగమంచులో రన్‌వే చివర నిలబడ్డ డచ్ విమానానికి కంట్రోలర్ ఇచ్చింది గాల్లోకి లేచాక ఎటు వెళ్లాలన్న అనుమతి మాత్రమే. కో-పైలట్ దాన్ని తిరిగి చదివి, చివర తాము టేకాఫ్ దగ్గర ఉన్నామన్న అర్థం వచ్చే మాట ఒకటి కలిపాడు. కెప్టెన్ అప్పటికే బండి కదిలించాడు. ఆ మాటను కంట్రోలర్ టేకాఫ్ కోసం ఎదురుచూస్తున్నామన్నట్టు విని ‘ఓకే’ అన్నాడు. ఆ వెంటనే ఆగమన్నాడు గానీ, అదే క్షణంలో రన్‌వే మీదే ఉన్న అమెరికన్ విమానం కూడా మాట్లాడటంతో రెండు సందేశాలూ కలగాపులగమయ్యాయి. ఆ అమెరికన్ విమానం ఇంకా రన్‌వే మీదే ఉందేమో అని కాక్‌పిట్‌లో ఫ్లయిట్ ఇంజనీర్ అడిగాడు. లేదని కెప్టెన్ తేల్చేశాడు. ఆ అనుమానాన్ని ఇంకోసారి గట్టిగా పలికే చొరవ అక్కడ ఎవరికీ లేకపోయింది.

టెనెరీఫ్ తర్వాత రెండు మార్పులొచ్చాయి. అసలు అనుమతి ఇచ్చేటప్పుడో, దాన్ని రద్దు చేసేటప్పుడో తప్ప ‘టేకాఫ్’ మాట వాడకూడదన్నది ఒకటి. కెప్టెన్‌ను ప్రశ్నించడం కింది సిబ్బంది హక్కు మాత్రమే కాదు, బాధ్యత కూడా అని విమాన సంస్థలు శిక్షణలో నేర్పడం రెండోది. మొదటిది రైల్వే గంటల బాట. రెండోది వేరే బాట, కిందివాళ్ల మాట వినే తీరుకు సంబంధించినది. అలాంటి ప్రయత్నం అంతకుముందే ఫ్యాక్టరీల్లో జరిగింది.

షికాగో దగ్గర వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ హాథార్న్ కర్మాగారంలో 1928, 1930 మధ్య 20 వేల మందికి పైగా కార్మికులతో సంస్థ మనుషులు మాట్లాడారు. మొదట్లో ముందే రాసుకున్న ప్రశ్నలు అడిగేవారు. కార్మికులు ఆ ప్రశ్నలు వదిలేసి తమకు పట్టిన సంగతులు చెప్పడం చూసి, వాళ్లను చెప్పనిచ్చి వినడమే మేలని పద్ధతి మార్చుకున్నారు. ఆ పరిశోధనలో పాల్గొన్న ఫ్రిట్జ్ రోత్లిస్‌బర్గర్, మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ కలిసి 1952లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఒక వ్యాసం ప్రచురించారు. అందులో రోజర్స్ ప్రతిపాదించిన నియమం చిన్నది, అమలు చేయబోతే బహు కష్టమైనది. వాదన జరుగుతున్నప్పుడు ఎవరైనా తమ మాట చెప్పాలంటే, ముందు అవతలి మనిషి చెప్పిన ఆలోచననూ అందులోని భావాన్నీ తమ మాటల్లో చెప్పాలి. అది సరిగ్గా ఉందని అవతలి మనిషి ఒప్పుకోవాలి. అప్పుడే మాట్లాడే హక్కు. 1957లో రోజర్స్, రిచర్డ్ ఫార్సన్ కలిసి రాసిన చిన్న పుస్తకం ఈ పద్ధతిని సూపర్‌వైజర్లకూ మేనేజర్లకూ అందించింది. ఈనాటి శిక్షణ తరగతుల్లో పారాఫ్రేజింగ్ అంటూ చెప్పేదానికి అదే తాత. రోజర్స్ నియమంలో అసలు పదును ఆ ఒప్పుకోలులో ఉంది. సరిగ్గా చెప్పానో లేదో తేల్చేది చెప్పిన నేను కాదు, మొదట మాట్లాడిన నువ్వు.

ఆ పదును తీసేస్తే ఏమవుతుందో హాథార్న్‌లోనే తెలిసింది. అక్కడ 1936లో మొదలైన కౌన్సెలింగ్ కార్యక్రమంలో కార్మికుల బాధలు వినడానికి ప్రత్యేకంగా మనుషులను పెట్టారు. విని, అర్థం చేసుకుని, తిరిగి చెప్పడం వాళ్ల పని. కూలి రేటు మార్చే అధికారం గానీ, ఫోర్‌మన్‌ను నిలదీసే అధికారం గానీ వాళ్లకు లేవు. వినడం వల్ల ఏమీ మారదని తెలిసిపోయిన చోట తిరిగి చెప్పడం ఓదార్పు మాత్రమే. ఆ తర్వాత ఇదే పద్ధతి కాల్ సెంటర్లకు చేరి స్క్రిప్టు అయింది. 1990ల చివర హైదరాబాద్‌లో ఈ పరిశ్రమ పాదుకున్నప్పటి నుంచి వేలాది మంది తెలుగు పిల్లలు అమెరికా, ఇంగ్లండు ఖాతాదారుల సమస్యను ముందు వాళ్లకే తిరిగి వినిపించి ఆ తర్వాత పని మొదలుపెట్టడం నేర్చుకున్నారు. చాలాచోట్ల ఆ వాక్యం పలికారా లేదా అన్నదానికే మార్కులు, అది ఖాతాదారుకు సరిపోయిందా లేదా అన్నదానికి కాదు. తప్పు ఆ పిల్లలది కాదు. చిలక పలుకులు వద్దని రోజర్స్ పెట్టిన ఒప్పుకోలు మెట్టును మార్కుల కాగితం వదిలేసింది.

ఇక్కడ మూడు అభ్యంతరాలు వినిపిస్తాయి. వాటిని తీసిపారేయకూడదు. మొదటిది సమయం. ప్రతి మాటా తిరిగి చెప్పించుకుంటూ కూర్చుంటే పని ఎప్పుడు జరుగుతుందని. నిజమే, ప్రతి మాటా తిరిగి చెప్పించుకోమని ఏ వృత్తీ అనలేదు. విమానాల్లో ఏవి తిరిగి చదవాలో జాబితా ఉంది: రన్‌వే మీదికి రావడం, దిగడం, లేవడం, ఎత్తు, దిశ, వేగం లాంటివి. తప్పితే ప్రాణం మీదికి వచ్చేవి అవి. మిగతావి మామూలు మాటల్లో సాగుతాయి. వైద్యంలోనైతే సమయం లెక్క కూడా ఉంది. శాన్ ఫ్రాన్సిస్కోలో మధుమేహ రోగుల మీద జరిగి 2003లో వెలువడిన అధ్యయనంలో, డాక్టర్లు కొత్తగా చెప్పిన 124 సంగతుల్లో రోగికి అర్థమైందో లేదో అడిగి చూసుకున్నది 15 సంగతుల్లోనే. అలా అడిగిన చోట రోగుల చక్కెర నియంత్రణ మెరుగ్గా ఉంది. ఆ సంప్రదింపులకు పట్టిన సమయం మిగతావాటి కన్నా ఎక్కువేమీ కాదు. ఈ పద్ధతిలో అడిగే తీరు ముఖ్యం. ‘అర్థమైందా’ అంటే ఎవరైనా అర్థమైందనే అంటారు. ‘నేను సరిగ్గా చెప్పానో లేదో తెలుసుకోవాలి, ఇంటికెళ్లాక ఈ మాత్ర ఎప్పుడు వేసుకుంటారో చెప్పమ్మా’ అంటే పరీక్ష రోగిది కాదు, డాక్టరుది.

రెండో అభ్యంతరం మనకు ఇంకా దగ్గరిది: ఇది మర్యాద కాదు. పెద్దవారు ఒక పని చెప్పాక ‘అంటే మీరనేది ఇదేనా సార్’ అని అడిగితే, వినలేదనో, తెలివి లేదనో, ఎదురు చెబుతున్నాడనో అర్థం వస్తుంది. అందుకే మన ఆఫీసుల్లో, దుకాణాల్లో, సైట్ల మీద ‘సరేనండి’, ‘అలాగే సార్’, ‘చేసేస్తాను మేడమ్’ అన్న జవాబులు వినిపిస్తాయి. వాటిలో గౌరవం ఉంది, సమాచారం లేదు. ఈ మర్యాదను వదిలేయమని చెప్పడం సులువు, కానీ అది తప్పు చోట బరువు వేస్తుంది. కింది ఉద్యోగి ధైర్యం మీద ఆధారపడే ఏ పద్ధతీ టెనెరీఫ్‌లో ఫ్లయిట్ ఇంజనీర్ ప్రశ్న కన్నా ఎక్కువ దూరం పోదు. రైల్వే చేసింది వేరు. జంక్షన్ స్టేషన్ మాస్టరు ఎంత పెద్దవాడైనా, అడవిలోని చిన్న స్టేషన్ మాస్టరు గంట తిరిగి కొట్టనిదే బండి పంపలేడు. ఇక్కడ చిన్నవాడు ధైర్యం చూపించనక్కర్లేదు, పద్ధతే పెద్దవాడిని ఆపి ఉంచుతుంది. మర్యాదకు లోటు రాకుండా ఈ చిక్కు విడదీయాలంటే ప్రశ్న పై నుంచి రావాలి. ‘నువ్వు ఎక్కడ మొదలుపెడతావు బాబూ, ముందు ఏం చేస్తావు’ అని మేస్త్రీ అడిగితే కూలీకి గౌరవ భంగం లేదు, మేస్త్రీకీ లేదు.

మూడో అభ్యంతరం: అన్నీ రాతలోనే ఉంటున్నాయి కదా, మెయిల్ ఉంది, వాట్సాప్ గ్రూప్ ఉంది, మీటింగ్ మినిట్స్ ఉన్నాయి, ఇక తిరిగి చెప్పడమెందుకు? రాత మాటను నిలబెడుతుంది, అర్థాన్ని కాదు. 1854లో బాలక్లావా యుద్ధంలో బ్రిటిష్ అశ్విక దళాన్ని తప్పుడు ఫిరంగుల మీదికి పంపిన ఆజ్ఞ కాగితం మీద రాసిందే. గుట్ట మీద నుంచి చూసి రాసిన సేనానికి కనబడిన ఫిరంగులు వేరు, లోయలో ఉండి చదివినవాడికి కనబడినవి వేరు. గ్రూపులో బొటనవేలి గుర్తు పెట్టడమంటే సందేశం చూశానని మాత్రమే. ‘చూశాను’, ‘ఒప్పుకున్నాను’, ‘ఇలా అర్థం చేసుకున్నాను’ అన్న మూడింటినీ ఆ ఒక్క గుర్తు కిందే జమ కట్టేస్తున్నాం.

ఈ మాట అన్నిటికన్నా ఎక్కువగా వర్తించేది హైదరాబాద్ చుట్టూ లేస్తున్న కట్టడాల దగ్గర. అక్కడ తెలుగులో పుట్టిన సూచన హిందీలోకి మారి, ఒడియా, బెంగాలీ, భోజ్‌పురి మాట్లాడే కూలీల దాకా చేరుతుంది. చేతులు మారిన ప్రతిసారీ కొంత జారిపోతుంది. పెద్ద సైట్లలో పొద్దున పని మొదలుకాకముందు భద్రత గురించి నాలుగు మాటలు చెప్పి రిజిస్టరులో సంతకాలో వేలిముద్రలో వేయించుకుంటారు. ఆ రిజిస్టరు అక్కడ మాట చెప్పారన్నదానికి సాక్ష్యం, విన్నారన్నదానికి కాదు. ఏదైనా జరిగితే అది ఎవరిని కాపాడటానికి పనికొస్తుందో అందరికీ తెలుసు. ఆ సంతకం పక్కనే ఇంకో గడి ఉంచి, ఇవాళ ఎత్తు మీద పనిచేయబోయే మనిషిని బెల్టు ఎక్కడ తగిలిస్తావో చెప్పమని అతని భాషలోనే అడిగి, అతను చెప్పిన జవాబును ఆ గడిలో సూపర్‌వైజరే రాసి, కింద సూపర్‌వైజరే సంతకం పెట్టాలన్న నియమం తేవడానికి పెద్ద ఖర్చేమీ కాదు, మనిషికి అర నిమిషం పడుతుంది.